ఒక్కసారి అల్ వుడ్స్ లాంటివాళ్ల వైపు చూడండి

ఆదివారం మన ఇళ్లలో అమెరికన్ ఫుట్‌బాల్ పెడితే అందరి కళ్లూ బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ మీదే, పిల్లలు కొనమనే జెర్సీలూ వాళ్లవే. సియాటిల్ దగ్గర ఇన్నేళ్లుగా ఉంటున్న నాకు మా ఊరి టీమ్ సీహాక్స్‌లో ఎక్కువ ఇష్టమైనవాడు మాత్రం అల్ వుడ్స్. ఆ పేరు చెప్తే మా ఫ్రెండ్స్‌లో సగం మంది ఎవరతను అంటారు.

లూసియానాలో ఎల్టన్ అనే చిన్న ఊరు అతనిది. లూసియానా స్టేట్ యూనివర్సిటీకి ఆడి, 2010 డ్రాఫ్ట్‌లో, అంటే టీమ్‌లు కాలేజీ ఆటగాళ్లని వంతులవారీగా ఎంచుకునేచోట, నాలుగో రౌండ్‌లో న్యూ ఓర్లీన్స్ సెయింట్స్‌కి ఎంపికయ్యాడు. సొంత రాష్ట్రం టీమ్, ఇంకేం కావాలి అనుకుంటాం కదా, సీజన్ మొదలవకముందే తీసేశారు. అక్కణ్ణుంచి టాంపా, 2011లో సియాటిల్, అదే ఏడాది పిట్స్‌బర్గ్, తర్వాత టెన్నెసీ, ఇండియానాపొలిస్, 2019లో మళ్లీ సియాటిల్. ఆ ఏడాది చివర్లో నిషిద్ధ పదార్థాల నిబంధన కింద 4 మ్యాచ్‌ల సస్పెన్షన్ కూడా పడింది, అది దాచాల్సిన పనిలేదు. 2020లో జాక్సన్‌విల్‌లో చేరి, కోవిడ్ వల్ల ఆ సీజన్ ఆడలేదు. 2021లో మూడోసారి సియాటిల్ పిలిచింది.

ఇలా టీమ్ నుంచి టీమ్‌కి తిరిగేవాళ్లని జర్నీమన్ అంటారు. ఎక్కడా నిలదొక్కుకోలేదన్న చిన్నచూపు ఆ మాటలో వినిపిస్తుంది నాకు, అందుకే నచ్చదు. ఆగస్టు చివర్లో ప్రతి టీమూ ఆటగాళ్లని 53 మందికి తగ్గించుకోవాలి, తీసేశామని చెప్పడానికి ఎవరి ఫోన్ మోగుతుందో తెలియదు. ఆ టెన్షన్ మనకి ఒకరు చెప్పాలా? నా ఉద్యోగం పోయినప్పుడు వీసా మీద ఇంకో ఉద్యోగం వెతుక్కోవడానికి మిగిలిన 60 రోజుల్నీ గోడ మీది క్యాలెండర్‌లో గీతలు గీసుకుంటూ కూర్చున్నాను, ఇండియా నుంచి ఫోన్ చేసిన బంధువులు మాత్రం "నువ్వేం చేశావని తీసేశారు?" అని అడిగారు. ఏమీ చేయకపోయినా తీసేస్తారు. తీసేశాక ఇంకోచోట మళ్లీ మొదటి రోజు నుంచి నిరూపించుకోవాలి, వుడ్స్ ఆ పని పదేళ్లకి పైగా చేశాడు.

అసలు అతని పనేంటో దగ్గర్నుంచి చూడండి. దాదాపు 150 కిలోల మనిషి, సరిగ్గా బంతికి ఎదురుగా చెయ్యి నేలకి ఆనించి వంగుంటాడు. బంతి కదలగానే అవతలి టీమ్‌లో దారి చేసేవాళ్లు, బంతి వెనక్కి అందించే సెంటరూ పక్కనున్న గార్డూ, ఇద్దరూ కలిసి మీద పడతారు. అతను నడుము దించి, కాళ్లు పాతేసినట్టు నిలబడి, ఇద్దర్నీ అక్కడే పట్టుకుంటాడు. దాంతో అతని వెనక కాపు కాసే లైన్‌బ్యాకర్ అడ్డొచ్చేవాడు లేక పరిగెత్తుకొచ్చి టాకిల్ చేస్తాడు, అంటే బంతి ఉన్నవాణ్ణి కింద పడేస్తాడు, రీప్లేలో ఆ లైన్‌బ్యాకర్‌నే చూపిస్తారు. కబడ్డీలో ముందు కాలు దొరకబుచ్చుకున్నవాణ్ణి మన ఊళ్లలో మెచ్చుకునేవాళ్లు, ఇక్కడ ఆ మెప్పు కూడా దొరకదు. అయినా 2021లో, 34 ఏళ్ల వయసులో, వుడ్స్ తన కెరీర్‌లోనే ఎక్కువగా 50 టాకిల్స్ చేశాడు.

2023లో న్యూయార్క్ జెట్స్‌కి ఆడుతుండగా మడమ వెనకుండే అకిలీస్ నరం తెగింది. అప్పటికి 36 ఏళ్లు.

వచ్చే మ్యాచ్‌లో, థర్డ్ డౌన్, అంటే మూడో ప్రయత్నంలో, ఒక్క గజం కావాల్సినప్పుడు, మీ పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని బంతి సంగతి వదిలేయమనండి. ఆ మధ్యలో వంగున్నవాడు ఎంత వెనక్కి వెళ్లాడో చూడమనండి.