బొమ్మ 60,000 రెట్లు ఫాస్ట్ అంట, ఎవరు కొలిచారో మరి

టీచర్ల గ్రూపుల్లో ఒక ఫార్వర్డ్ తెగ తిరుగుతోంది. మెదడుకి టెక్స్ట్ కంటే బొమ్మ 60,000 రెట్లు త్వరగా ఎక్కుతుందంట, చదివింది 10 శాతమే గుర్తుంటుందంట, చూసింది 30 శాతమంట, పిల్లల్లో 65 శాతం మంది విజువల్ లెర్నర్లంట (అంటే చూసి నేర్చుకునేవాళ్లు), కాబట్టి పేజీలకి పేజీలు చదివించడం మానేసి ఇన్ఫోగ్రాఫిక్ (బొమ్మలతో, కొద్ది మాటలతో విషయం చెప్పే పోస్టర్) పెట్టేయండి అని. ఇన్ఫోగ్రాఫిక్స్ అంటే నాకూ ఇష్టమే, గొడవంతా ఈ లెక్కలతోనే.

ముందు ఆ 60,000 సంగతి. ఒక పెద్ద వాక్యం చదవడానికి 6 సెకన్లు పట్టిందనుకోండి, 60,000తో భాగిస్తే 0.1 మిల్లీసెకను వస్తుంది. ఒక్క న్యూరాన్ ఒక్కసారి సిగ్నల్ కొట్టడానికే దాదాపు 1 మిల్లీసెకను కావాలి, అంటే నరం కదిలేలోపే పాఠం అర్థమైపోయిందన్నమాట! ఇది ఎక్కడ పుట్టిందా అని వెతికినవాళ్లకి దొరికినవాటిలో ఒకటి 1990లలో 3ఎం కంపెనీ వేసిన బ్రోషర్, అందులో ఈ లెక్కకి ఏ పరిశోధననీ చూపించలేదు. ఆ కంపెనీ అప్పట్లో ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్లు అమ్మేది, అది వేరే విషయం లెండి. కొంతమంది దీనికి 2014లో అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ వాళ్లు ఒక్కో ఫోటోని 13 మిల్లీసెకన్లే చూపించి చేసిన స్టడీని అతికిస్తారు. ఆ స్టడీ నిజమే, కానీ అందులో గబగబా మారిపోయే ఫోటోల్లో నవ్వుతున్న జంట ఉందా లేదా లాంటివి అడిగారు అంతే, ఫోటోలో ఏముందో పోల్చుకోవడం వేరు, కిరణజన్య సంయోగక్రియ బుర్రకెక్కడం వేరు.

ఆ 10, 30 శాతాల్ని ఎడ్గార్ డేల్ అనే అమెరికన్ విద్యావేత్త ఖాతాలో వేస్తారు. 1946లో నేర్చుకునే అనుభవాల రకాల్ని చూపిస్తూ ఆయన గీసిన కోన్ బొమ్మలో అసలు శాతాలే లేవు, తర్వాత ఎవరో తగిలించారు. విజువల్ లెర్నర్ల గోల గురించి ఎక్కువ చెప్పను, 2008లో పాష్లర్, ఇంకో ముగ్గురు సైకాలజిస్టులు స్టడీలన్నీ జల్లెడ పట్టి, పిల్లల స్టైల్‌ని బట్టి పాఠం మారిస్తే ఎక్కువ నేర్చుకుంటారనడానికి సరైన ఆధారం లేదని తేల్చారు.

అసలు డేంజర్ ఆ ఫార్వర్డ్ చివరి మాటలో ఉంది, చదివించడం మానేసి ఇన్ఫోగ్రాఫిక్ పెట్టేయండి అన్నదాంట్లో. రిచర్డ్ మేయర్ అనే సైకాలజిస్టు ప్రయోగాల్లో పదేపదే తేలింది ఏంటంటే మాటలు, బొమ్మ రెండూ కలిస్తేనే ఉత్త మాటల కంటే బాగా అర్థమవుతుంది, అదీ మాట బొమ్మ పక్కనే ఉంటే. హార్ప్ అనే ఇంకో పరిశోధకులతో కలిసి 1998లో ఆయన మెరుపు ఎలా పుడుతుందనే పాఠంలో పిడుగు పడ్డవాళ్ల కబుర్లు, ఫోటోలు కలిపి చూస్తే, అవి చదివినవాళ్లకి అసలు విషయం తక్కువ గుర్తుంది.

జలచక్రం పోస్టర్లు చూడండి, సూర్యుడికి కూలింగ్ గ్లాసెస్, మేఘానికి నవ్వు మొహం, బాణాల మీద 1, 2, 3, వాటి అర్థమేమో కింద మూలన. పిల్లాడి కళ్లు పైకీ కిందకీ తిరగడానికే సరిపోతాయి, ఇంక ఆలోచించేదెప్పుడు? ఆ గ్లాసెస్ పీకేసి, బాష్పీభవనం అనే మాట తెచ్చి బాణం మీదే రాయండి. రెండ్రోజులాగి పేర్లన్నీ చెరిపేసిన కాపీ ఇచ్చి వాళ్లనే రాయమనండి, పైకెళ్లిన ఆవిరి చల్లబడకపోతే ఏమవుతుందో అడగండి, దానికి జవాబు ఏ బాణంలోనూ ఉండదు, వాళ్లే వాక్యంలో చెప్పాలి.