కణంలో కాంటా పద్ధతి మార్చాలి

యాసంగి వడ్లు కల్లంలో పోసి గన్నీ సంచుల కోసం ఎదురుచూసే నర్సంపేట, పరకాల రైతులకు ఒక సంగతి తెలియాలి. వాళ్ల ఒంట్లోనే ఒక కొనుగోలు కేంద్రం ఏ అనుమతీ లేకుండా నడుస్తోంది. టోకెన్ లేదు, ట్రక్ షీట్ లేదు. ప్రభుత్వం వెంటనే జోక్యం చేసుకోవాలి.

మిల్లు పేరు మైటోకాండ్రియా, కణంలో శక్తి తయారయ్యే చోటు. దాని లోపలి పొర గేటు మీద ట్రాన్స్‌లొకేజ్ అనే ప్రొటీన్ గుమాస్తా. కణం పనులకు శక్తినిచ్చే ఏటీపీ అంటే మూడు ఫాస్ఫేట్ల నిండు సంచి. చివరి ఫాస్ఫేట్ ఊడితే ఏడీపీ, అంటే వాడేసిన సంచి. వాడింది ఒకటి లోపలికి వస్తేనే నిండుది ఒకటి బయటికి. ఎమ్మెల్యే ఫోన్ చేసినా రెండోది రాదు. వాడిన సంచులు రాకుంటే లోపల ప్రొటాన్ల (హైడ్రోజన్ అయాన్ల) ప్రవాహంతో తిరిగి ఏటీపీ చేసే తిరగలి నెమ్మదిస్తుంది, ఆక్సిజన్ వాడకమూ పడిపోతుంది. మన దగ్గర సంచి లేకుంటే ఆగేది రైతు. అక్కడ ఆగేది మిల్లు. ఇదేం న్యాయం?

నిల్వ సంగతి ఇంకా విడ్డూరం. ఒంటి మొత్తంలో ఏ క్షణాన చూసినా ఏటీపీ సుమారు 50 నుంచి 100 గ్రాములే. రోజంతా తయారయ్యేది మాత్రం దాదాపు మనిషి బరువంత. అంటే అవే సంచులు రోజుకు వందలసార్లు తిరగాలి. గోదాము లేదు కాబట్టి ఎలుకలు తిన్నాయని రాసుకునే వీలూ లేదు. పరుగెత్తే కండరంలో ఉన్న సరుకు రెండు మూడు సెకన్లకే చెల్లు. ఆపైన పది సెకన్లదాకా క్రియాటిన్ ఫాస్ఫేట్ అనే, ఫాస్ఫేట్ అప్పిచ్చే పదార్థం దగ్గర చేబదులు. (1927లో హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి ఆ చేబదులు ఖాతా బయటపెట్టినవాళ్లలో మన యల్లాప్రగడ సుబ్బారావు ఉన్నారు.) అదీ చాలకపోతే రెండు ఏడీపీలను కలిపి ఒక ఏటీపీ, ఒక ఏఎంపీ (ఒకటే ఫాస్ఫేట్ మిగిలిన సంచి) చేస్తారు. ఏఎంపీ పేరుకుందంటే ఏఎంపీకే అనే ఎంజైమ్ అధికారి కొవ్వు తయారీ, కొలెస్ట్రాల్ తయారీ ఆపించేస్తాడు. ఖజానా ఖాళీ అయ్యాక కూడా శంకుస్థాపనలు చేయొచ్చని ఆయనకెవరూ చెప్పినట్టు లేదు.

తరుగు బొత్తిగా లేదనలేం. కొన్ని ప్రొటాన్లు తిరగలి తిప్పకుండానే పొర దాటి జారిపోతాయి. అయితే ఆ నష్టం వేడిగా మారి ఒంటిని వెచ్చగా ఉంచుతుంది. మిల్లరు కోసిన తరుగుతో రైతు ఇల్లు వెచ్చబడిన దాఖలా లేదు.

కాబట్టి సిఫారసు: గేటు దగ్గర తేమ మిషన్ పెట్టి, 17 శాతం దాటిన ఏడీపీని వెనక్కి పంపాలి. సర్వర్ డౌన్ అయితే రేపు రమ్మనాలి. చిన్న ఇబ్బంది ఒకటుంది. కండరంలో మయోసిన్ అనే ప్రొటీన్ తాను పట్టుకున్న ఆక్టిన్ అనే ప్రొటీన్‌ను వదలాలన్నా ఏటీపీ కావాలి. అందకపోతే కండరాలు బిగుసుకుపోతాయి, శవానికి జరిగేది అదే. పోనీలెండి, టోకెన్ మాత్రం చేతిలోంచి జారదు.