మెడ ఆపరేషనా? ఆ రాత్రి బస్సెక్కకండి

పొద్దున్నే విశాఖ వెళ్ళి, మెడ ముడతలు తీయించుకుని, సాయంత్రం ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సెక్కి భోజనం వేళకి శ్రీకాకుళం వచ్చేయొచ్చని ఎవరైనా చెబితే నమ్మకండి. ఇవాళ మేము చెప్పదలచుకున్న వాటిలో అన్నిటికన్నా ముఖ్యమైంది ఇదే కనుక ముందే చెప్పేస్తున్నాం. ఎందుకన్నది వివరంగా చెబుతాం. అంతకంటే ముందు ఇంకో మాట చెప్పాలి.

"ఈ వయసులో ఈ సోకులెందుకమ్మా" అనే మాట మన ఊళ్ళలో ఎంత తేలిగ్గా అనేస్తామో అందరికీ తెలుసు. మా పత్రిక ఆ మాట అనదు. షష్టిపూర్తి ఫొటోల్లో మెడ కనపడకుండా కొంగు చుట్టూ కప్పుకుని కూర్చున్న ఆడవాళ్ళను చూస్తూనే ఉన్నాం, నల్లపూసలు కూడా కనపడనంతగా. షుగరొచ్చాక పాతిక కిలోలు తగ్గి ఆరోగ్యం బాగుపడినా గడ్డం కింద చర్మం సంచిలా వేలాడుతోందని నలుగురిలోకి రావడం మానేసిన మగవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ బాధ వాళ్ళది. జీవితమంతా పొలంలోనో, జీడి తోటలోనో, సముద్రం ఒడ్డునో ఎండలో పనిచేసిన మనిషికి మెడ చర్మం మరీ తొందరగా సాగుతుంది, ఎందుకంటే చర్మాన్ని వయసు కన్నా ముందే ముసలిదాన్ని చేసేది ఎండే. సొంత డబ్బుతో, సొంత ఇష్టంతో చేయించుకునేవారిని ఎవరూ ఏమీ అనక్కర్లేదు. అయితే చేయించుకునేవారికి నిజం మొత్తం చెప్పాలి. మా గొడవంతా దాని గురించే.

మెడ వయసు ఒక్క చర్మంలో ఉండదు. పైన చర్మం, దాని కింద కొవ్వు, ఆ కింద ప్లాటిస్మా అనే పలచటి కండరం, ఇంకా లోపల మరికొంత కొవ్వు, లాలాజల గ్రంథులు, చిన్న కండరాలు ఉంటాయి. ప్లాటిస్మా ఛాతీ పైభాగం నుంచి మెడ రెండు పక్కలా దవడ దాకా పాకి ఉంటుంది. వయసుతో దాని లోపలి అంచులు వదులై ముందుకు జారతాయి. గడ్డం కింద నుంచి నిలువుగా రెండు తాళ్ళు తేలినట్టు కనిపించేవి అవే, చాలామంది వాటిని నరాలనుకుంటారు. వయసులో ఉన్నప్పుడు గడ్డం కింది భాగానికీ మెడకీ మధ్య కోణం 105 నుంచి 120 డిగ్రీలు ఉంటుందని ఈ రంగంలో 1980 నుంచీ ఒక లెక్క ఉంది. ఆ కోణం ఎవరికి దేనివల్ల పోయిందో తేల్చకుండా ఆపరేషన్ పేరు చెప్పేసే డాక్టరు దగ్గర ఆగకండి.

తేల్చడం పెద్ద కష్టం కూడా కాదు. మంచి సర్జన్ మిమ్మల్ని నిటారుగా కూర్చోబెట్టి, పళ్ళు బిగించి కింది పెదవిని కిందికి లాగమంటారు. అప్పుడు ప్లాటిస్మా బిగుసుకుంటుంది, తాళ్ళు బయటపడతాయి. అలా బిగబట్టి ఉండగానే గడ్డం కింద రెండు వేళ్ళతో గిల్లి చూస్తారు. కొవ్వు వేళ్ళ మధ్యకొస్తే అది కండరం పైన ఉన్నట్టు, రాకపోతే కింద ఉన్నట్టు. తర్వాత చర్మాన్ని లాగి వదిలి, ఎంత వేగంగా వెనక్కి పోతుందో చూస్తారు. మొహం పక్క నుంచి చూసి గడ్డం ఎముక వెనక్కి ఉందా అని గమనిస్తారు. ఎముకే వెనక్కి ఉంటే మెడ మీద ఎంత పనిచేసినా సరిపోదు, గడ్డాన్ని ముందుకు తేవాల్సి రావచ్చు. ఐదు నిమిషాల పరీక్ష ఇది. ఇవేవీ లేకుండా కౌంటర్ దగ్గరున్న అమ్మాయి ప్యాకేజీ కాగితం చేతిలో పెట్టిందంటే వెనక్కి తిరిగి వచ్చేయండి.

ఇక పద్ధతులు. అన్నిటికన్నా ఎక్కువగా అమ్ముడయ్యేది లైపోసక్షన్. గడ్డం కింద, చెవుల వెనక చిన్న చిన్న గాట్లు పెట్టి సన్నటి గొట్టంతో కొవ్వు లాగేస్తారు. ముప్ఫైల్లో, నలభైల్లో ఉండి చర్మంలో ఇంకా బిగువున్నవాళ్ళకు, కొవ్వు కండరం పైనే ఉన్నవాళ్ళకు ఇది మంచి పద్ధతి, చర్మం దానంతటదే కుదించుకుంటుంది. చర్మం సాగిపోయిన అరవై ఏళ్ళ మనిషికి ఇదొక్కటే చేస్తే, లోపల నింపుగా ఉన్న కొవ్వు కూడా పోయి చర్మం మరింత వేలాడుతుంది, అప్పటిదాకా కొవ్వు చాటున ఉన్న తాళ్ళు బయటికొస్తాయి. మధ్యలో మరీ ఎక్కువ లాగేస్తే అక్కడ గుంట పడి రెండు పక్కలా కండరం లేచి నిలబడుతుంది, దానికి సర్జన్లు పెట్టుకున్న పేరు కోబ్రా మెడ. దాన్ని మళ్ళీ సరిచేయడం మొదటి ఆపరేషన్ కన్నా కష్టం. చవగ్గా అయిపోతుందని చర్మం వదులైన వాళ్ళకు కూడా లైపోసక్షన్ అంటగట్టడం మీదే మా మొదటి అభ్యంతరం.

తాళ్ళు తేలినవాళ్ళకు కండరం దగ్గరికి వెళ్ళక తప్పదు. గడ్డం కింద ఉన్న సహజమైన మడతలో మూడు నాలుగు సెంటీమీటర్ల గాటు పెట్టి, విడిపోయిన ప్లాటిస్మా అంచులు రెండూ మధ్యకు తెచ్చి, దిండు గలేబు మూతి కుట్టినట్టు పైనుంచి కిందికి కుట్టుకుంటూ వస్తారు. అమెరికన్ సర్జన్ ఫెల్డ్‌మన్ 1990లో దీన్ని కార్సెట్ ప్లాటిస్మాప్లాస్టీ పేరుతో ప్రచురించారు. చర్మం కూడా ఎక్కువగా మిగిలిపోతే చెవి ముందు మొదలై, చెవి చుట్టూ తిరిగి, వెనక జుట్టులోకి పోయే గాటుతో మెడ లిఫ్ట్ చేస్తారు. ఇక్కడ ఒక్క ప్రశ్న తప్పకుండా అడగండి: లాగి కుట్టేది చర్మాన్నా, కండరం పొరనా? బరువంతా చర్మం మీదే వేసి లాగితే కొద్దికాలానికే మళ్ళీ సాగుతుంది, మచ్చలు వెడల్పవుతాయి, చెవి తమ్మె కిందికి లాగినట్టు తయారవుతుంది. 1970ల్లో స్వీడన్ సర్జన్ స్కూగ్ లోపలి పొరను కూడా కలిపి ఎత్తడం చూపించారు, 1976లో మిట్జ్, పెరోనీ అనే ఇద్దరు ఫ్రాన్స్ సర్జన్లు ఆ పొరను విడమరచి వివరించారు. అప్పటి నుంచీ బరువు లోపలి పొర మోయాలి, చర్మం ఊరికే పరుచుకోవాలి అన్నదే ఈ విద్యకు ఆధారం. దాదాపు యాభై ఏళ్ళ కిందటి సంగతి ఇది, ఇప్పటికీ చర్మం మాత్రమే లాగి పంపేవాళ్ళున్నారు.

కండరం కింది కొవ్వు తీయడం, దవడ కింది లాలాజల గ్రంథిని కొంత కోయడం వంటివి ఇంకా లోతైన పనులు. గ్రంథి కోయడం మీద సర్జన్లలోనే ఏకాభిప్రాయం లేదు, లోపల రక్తస్రావమైతే ఆపడం కష్టం. బాగా చేయి తిరిగినవాళ్ళ దగ్గర తప్ప దాని జోలికి పోకపోవడమే మంచిదని మా అభిప్రాయం. పెద్ద వయసు మగవాళ్ళకు మాత్రం ఒక సులువైన దారి ఉంది, చాలామంది చెప్పరు. మెడ ముందు భాగంలోనే మిగులు చర్మాన్ని కోసేసి, మచ్చ తాడులా బిగుసుకోకుండా ఇంగ్లిష్ జెడ్ అక్షరం ఆకారంలో తిప్పి కుడతారు. మచ్చ కనపడుతుంది, కానీ ఆపరేషన్ చిన్నది, చాలామందికి మత్తు పూర్తిగా ఇవ్వాల్సిన పని ఉండదు. డెబ్భై ఏళ్ళ తాతగారికి ఆ బేరం నచ్చవచ్చు.

ఇంజెక్షన్ల సంగతి తొందరగా చెప్పేస్తాం. గడ్డం కింది కొవ్వు కరిగించే డీఆక్సీకోలిక్ ఆసిడ్‌కు అమెరికాలో 2015లో అనుమతి వచ్చింది, తాళ్ళకు కండరాన్ని వదులు చేసే బొటాక్స్ వాడటానికి 2024లో వచ్చింది. మొదటిది సాగిన చర్మాన్ని బిగించదు. రెండోదాని ప్రభావం మూడు నాలుగు నెలలే, తర్వాత మళ్ళీ వేయించుకోవాలి. దారాలు వేసి లాగే పద్ధతి కూడా ఎక్కువ కాలం నిలవదు. "కోత లేదు, కుట్టు లేదు, శాశ్వతం" అనే మూడు మాటలూ ఒకే కాగితం మీద కనిపిస్తే ఆ కాగితం మడిచి పక్కన పెట్టండి.

ఇప్పుడు ఆ రాత్రి సంగతి. మెడ ఆపరేషన్లో అందరూ భయపడే చిక్కు, చర్మం కింద రక్తం గూడు కట్టడం. ఇది ఎక్కువగా మొదటి 24 గంటల్లోనే వస్తుంది. మగవాళ్ళలో ఎక్కువ, బీపీ ఉన్నవాళ్ళలో ఎక్కువ. ఆపరేషన్ టేబుల్ మీద మత్తులో బీపీ తక్కువగా ఉంటుంది, మత్తు దిగి, నొప్పి మొదలై, వాంతులై, టెన్షన్‌తో బీపీ ఎక్కేసరికి అప్పటిదాకా ఆగిన చిన్న రక్తనాళం మళ్ళీ తెరుచుకుంటుంది. మెడలో చోటు తక్కువ, శ్వాసనాళం పక్కనే ఉంది. ఒకవైపు నొప్పి పెరిగిపోవడం, మెడ గట్టిగా ఉబ్బడం, మింగలేకపోవడం, గొంతు మారడం, కుదురుగా కూర్చోలేకపోవడం కనిపిస్తే అక్కడికక్కడే కుట్లు విప్పి రక్తం బయటికి వదలాలి, ఆ తర్వాత థియేటర్‌కు తీసుకెళ్ళాలి. ఆసుపత్రి మంచం మీద ఉంటే నిమిషాల్లో అయ్యే పని. అదే మనిషి తగరపువలస దాటి, కుదుపుల్లో మెడ అటూ ఇటూ తిరుగుతూ, చీకట్లో బస్సులో ఉంటే? విజయనగరం వాళ్ళకు అరవై కిలోమీటర్లు, శ్రీకాకుళం వాళ్ళకు వంద పైమాటే, ఇచ్ఛాపురం వాళ్ళకు రెండు వందలు దాటుతుంది. కండక్టర్ ఏం చేయగలడు? చిన్న లైపోసక్షన్ అయినా ఆ రాత్రి ఆసుపత్రికి దగ్గర్లోనే, తోడు మనిషితో ఉండాలి. కండరం కుట్టినా, మెడ లిఫ్ట్ చేసినా ఆసుపత్రిలోనే పడుకోవాలి. ఆ ఒక్క రాత్రి గది అద్దె మిగుల్చుకోవద్దు.

నరాల సంగతి కూడా ముందే తెలియాలి. చెవి రంధ్రానికి ఆరున్నర సెంటీమీటర్ల కింద, మెడ కండరం మీదుగా పోయే నరం ఈ ఆపరేషన్లలో అన్నిటికన్నా ఎక్కువగా దెబ్బతింటుంది. తగిలితే చెవి తమ్మెకు స్పర్శ పోతుంది, జుంకాలు పెట్టుకున్నా ఊడిపోయినా తెలియదు. దవడ అంచున పోయే మరో సన్నటి నరం నలిగితే నవ్వినప్పుడు కింది పెదవి ఒక పక్క వంకరగా కనిపిస్తుంది. చాలామందికి వారాల్లోనో నెలల్లోనో సర్దుకుంటుంది, కొద్దిమందికి సర్దుకోదు.

మన ప్రాంతానికే ప్రత్యేకమైనవి మరో మూడు ఉన్నాయి, వీటిని విశాఖలోని డాక్టరు అడగకపోయినా మీరే చెప్పాలి. ఒకటి, పొగ. చుట్ట, బీడీ, సిగరెట్ ఏదైనా సరే నికోటిన్ రక్తనాళాలను బిగించేస్తుంది, లేపి కుట్టిన చర్మం చెవి వెనక నల్లబడి చచ్చిపోతుంది. కనీసం నాలుగు వారాల ముందే మానాలి, ఆపరేషన్ తర్వాతా అన్ని వారాలు ముట్టకూడదు. మన ఆడవాళ్ళను పొగ తాగుతారా అని డాక్టర్లు అడగరు. తీరం వెంబడి పల్లెల్లో పెద్దావిడలు నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతారని వాళ్ళకు తోచదు, వీళ్ళూ సిగ్గుపడి చెప్పరు. అమ్మా, అక్కడ సిగ్గుపడకండి. రెండోది దీనికి అంటుకున్నదే. అడ్డపొగతో అంగిట్లో వచ్చే పుండ్ల మీద ఆంధ్ర పల్లెల్లో 10,169 మందిని పరీక్షించిన అధ్యయనం 1971లోనే అచ్చయింది. అడ్డపొగ తాగే మనిషికి మెడలో గడ్డ తగిలితే అది కొవ్వని ఎవరు చెప్పినా, క్యాన్సర్ కాదని తేల్చుకోవడానికి ముందు నోరు తెరిచి చూపించండి. మింగినప్పుడు పైకి కదిలే గడ్డయితే థైరాయిడ్ పరీక్ష చేయించండి. ఆ రెండూ తేలకుండా అందం ఆపరేషన్ మాటే వద్దు.

మూడోది ఉద్దానం కిడ్నీ జబ్బు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ జబ్బు ఎంతమందిని తీసుకుపోయిందో మాకు కొత్తగా చెప్పక్కర్లేదు. పైకి బాగున్న మనిషికే కిడ్నీ సగం దెబ్బతిని ఉండొచ్చు. ఆపరేషన్ తర్వాత నొప్పికి మామూలుగా రాసే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు అలాంటి కిడ్నీలను ఇంకా కుంగదీస్తాయి. అటు వైపు వాళ్ళెవరైనా కిడ్నీ ఎలా పనిచేస్తోందో చూపే క్రియాటినిన్ పరీక్ష రిపోర్టు చేతిలో లేకుండా ఏ ఆపరేషన్‌కూ ఒప్పుకోవద్దు. గుండెకోసం, రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడేవాళ్ళు వాటిని ఎప్పుడు ఆపాలో, అసలు ఆపొచ్చో లేదో గుండె డాక్టర్నే అడగాలి. సొంతంగా ఆపేయడం రక్తస్రావం కన్నా ప్రమాదం.

డబ్బు మీ జేబులోదే. ఎన్టీఆర్ వైద్య సేవ గానీ, ఆరోగ్య బీమా గానీ అందం కోసం చేసే ఆపరేషన్‌కు ఇవ్వవు. పైగా గాయానికో పుట్టుకతో వచ్చిన లోపానికో కాకుండా కేవలం రూపం కోసం చేసే సర్జరీకి జీఎస్టీ మినహాయింపు లేదు, 18 శాతం పడుతుంది. చెప్పిన రేటు పన్నుతో కలిపా, కాదా అని అడగండి. బంగారం తాకట్టు పెట్టి చేయించుకునేవాళ్ళున్నారు కాబట్టే ఇంత నొక్కి చెబుతున్నాం.

చేసేది ఎవరన్నది చివరికి అన్నిటికన్నా పెద్ద ప్రశ్న. ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సి.హెచ్. లేదా డి.ఎన్.బి. (ఇప్పుడు డిఆర్.ఎన్.బి. అంటున్నారు) డిగ్రీ ఉందా, రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరెంత, మత్తు డాక్టరు రోజంతా ఉంటారా, రాత్రి ఎవరుంటారు? 2022లో జాతీయ వైద్య కమిషన్ జుట్టు మార్పిడి గురించి చెబుతూ, వర్క్‌షాపుల్లోనో యూట్యూబ్‌లోనో చూసి నేర్చుకున్నది ఇలాంటి సౌందర్య చికిత్సలకు శిక్షణ కిందికి రాదని స్పష్టంగా అంది. ఆ మాట జుట్టుకు ఎంత వర్తిస్తుందో శ్వాసనాళం పక్కన కత్తి పెట్టే పనికి అంతకు పదింతలు వర్తిస్తుంది. అనుమానమొస్తే విశాఖలోని ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్‌లో ప్లాస్టిక్ సర్జరీ విభాగం ఉంది, అక్కడ ఇంకో అభిప్రాయం తీసుకోండి.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వైద్యాధికారులను మేము అడిగేవి ఎక్కువేం కాదు. ప్రైవేటు ఆసుపత్రులను రిజిస్టర్ చేసి తనిఖీ చేసే చట్టం 2002 నుంచీ ఉంది, దాన్ని బ్యూటీ క్లినిక్ బోర్డు పెట్టుకుని కత్తి పట్టేవాళ్ళ మీదా వాడండి. గోడల మీదా ఫోన్లలోనూ తిరిగే ప్రకటనల్లో డాక్టరు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు లేకపోతే నోటీసివ్వండి. మెడ ఆపరేషన్ అయినవాళ్ళను అదే రోజు దూర ప్రయాణానికి పంపకూడదని విశాఖ అధికారులతో కలిసి కూర్చుని రాతపూర్వకంగా ఆదేశమిప్పించండి. డిశ్చార్జి కాగితం తెలుగులో ఉండాలి, దాని మీద అర్ధరాత్రి రెండింటికి చేసినా ఎత్తే ఫోన్ నంబరుండాలి. శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వ ఆసుపత్రుల్లో రాత్రి డ్యూటీలో ఉండే ప్రతి జూనియర్ డాక్టరుకూ, 108 సిబ్బందికీ, మెడ ఉబ్బి ఊపిరాడని మనిషి వస్తే విశాఖకు రిఫర్ చేసే ముందే కుట్లు విప్పాలన్న సంగతి నేర్పించండి. దానికి ఒక పూట శిక్షణ, ఒక కుట్లు కత్తిరించే కత్తెర చాలు.