బకెట్టు మీద లోగో పట్టదుగా!

శనివారం సెలవు గంగపాలు. మా కంపెనీ సీఎస్ఆర్ (అంటే కంపెనీ చేసే సమాజసేవ) ప్రోగ్రాంకి అందరూ "స్వచ్ఛందంగా" రావాలట, రానివాళ్ల పేర్లు మేనేజర్‌కి వెళ్తాయట. నల్గొండ వైపు ఒక సర్కారు బడిలో ఆర్వో ప్లాంటు ఓపెనింగ్. టీషర్టులు, రిబ్బను, డ్రోన్ కెమెరా, అన్నీ ఉన్నాయి. ఎన్జీవో మేడం పిల్లల్ని ఎండలో నిలబెట్టి చప్పట్లు ప్రాక్టీసు చేయించింది. హెడ్మాస్టరు పాపం ఒక్క మాట అడిగారు: "నీళ్లు వడకట్టే మెంబ్రేన్ పాడైతే ఎవరు మారుస్తారు సార్?" మా పెద్దసారు నవ్వి, "అది ప్రాజెక్టులో లేదండీ" అన్నారు. తర్వాత గ్రూప్ ఫొటో.

ఆ బడి వెనకాలే ఇంకో షెడ్డుంది. అదీ ఆర్వో ప్లాంటే! వేరే కంపెనీ బోర్డు, తుప్పు పట్టిన తాళం. దాన్ని చూడనట్టు నటించడంలో మాత్రం కంపెనీకీ ఎన్జీవోకీ ఎంత సమన్వయమో.

పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చుపెట్టాలని 2013 కంపెనీల చట్టం చెప్పింది, 2014 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. 2021లో రూల్స్ బిగించాక మిగిలిన డబ్బు ఊరికే ఉంచుకోవడానికి లేదు. అందుకే మార్చి దగ్గరపడే కొద్దీ వీళ్లకి పేదల మీద ప్రేమ పొంగుకొస్తుంది.

ఇంకో సంగతి. నల్గొండ నీళ్లలో ఎక్కువగా ఉండే ఫ్లోరైడ్‌ని ఆర్వో ప్లాంటు మాయం చేయదు. మంచినీళ్లు ఒక పైపులోంచి, ఫ్లోరైడ్ ఇంకా చిక్కగా ఉన్న నీళ్లు ఇంకో పైపులోంచి వస్తాయి. ఆ రెండో పైపు ఎక్కడికి పోతోందో చూశాను. బడి పక్క కాలవలోకి. దాని ముందు ఎవరూ ఫొటో దిగలేదు లెండి.

నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ సైంటిస్టులు దశాబ్దాల కిందటే ఫ్లోరైడ్‌కి ఒక పద్ధతి చెప్పారు. నీళ్లలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్ కలిపి తేరనివ్వడమే. ఇంట్లో బకెట్టుతో కూడా చేసుకోవచ్చు. దాని పేరే నల్గొండ టెక్నిక్! దానికీ తలనొప్పులున్నాయి, పటిక పాళ్లు చూసుకోవాలి, అడుగున బురద మిగులుతుంది. కానీ సీఎస్ఆర్ మీటింగుల్లో దాని ఊసే రాదు. ఎందుకొస్తుంది? బకెట్టుకి రిబ్బను ఎలా కట్టాలి, లోగో ఎక్కడ అంటించాలి?

కంపెనీలంటే పడదా అని మొదలుపెట్టకండి. శాంతా బయోటెక్నిక్స్ 1997లో హెపటైటిస్ బి వ్యాక్సిన్ తెచ్చి సామాన్యుడికి అందే ధరకి ఇచ్చిందే, అదీ కంపెనీయే. పసిపిల్లల విరేచనాల టీకా రోటావ్యాక్ కోసం భారత్ బయోటెక్, ప్రభుత్వ సైంటిస్టులు, పాత్ అనే ఎన్జీవో కలిసి పనిచేశారు, ఫలితం పిల్లలకి అందింది. చేయాలనుకుంటే చేస్తారు.

అదే పాత్ పేరు వింటే నాకు ఖమ్మం గుర్తొచ్చి ఒళ్లు మండుతుంది. 2009లో మెర్క్ కంపెనీ ఉచితంగా ఇచ్చిన హెచ్‌పీవీ వ్యాక్సిన్ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది), పాత్, కేంద్ర వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం. కంపెనీ, సైన్సు, సేవ, సర్కారు, నలుగురూ ఒక్కటయ్యారు. 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకి ఆ టీకా వేశారు, వాళ్లలో చాలామంది హాస్టళ్లలో ఉండే గిరిజన పిల్లలు. చాలా సమ్మతి పత్రాల మీద అమ్మానాన్నల బదులు వార్డెన్లూ హెడ్మాస్టర్లూ సంతకాలు పెట్టారు. 2010లో ఆపేశారు, 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తిట్టింది. తర్వాత? ఏం లేదు.

వ్యాక్సిన్ మంచిదే కదా అని కామెంట్ పెట్టబోయేవాళ్లకి: మంచిదే. టీకా వేశాక ఆ పిల్లల్లో కొందరు చనిపోయారు, దానికి టీకా కారణం కాదనే విచారణలో తేల్చారు. నేనడిగేది ఆ సంతకం సంగతి. మీ పిల్లని స్కూలువాళ్లు జూకి తీసుకెళ్లాలంటే మీ సంతకం కావాలి. మీరు చెయ్యకపోతే బస్సెక్కనివ్వరు. భద్రాచలం హాస్టల్లో పిల్లకి సూది గుచ్చడానికి మాత్రం వార్డెన్ సంతకం చాలా?