టౌన్ కార్ మీద బాబాయ్‌తో పేచీ

(న్యూజెర్సీలో ఒక ఇంటి ముందు. బాబాయ్ 2010 మోడల్ లింకన్ టౌన్ కార్, పాతది, బేరం చేసుకుని వచ్చాడు.)

శ్రీను: ఎయిర్‌పోర్ట్ టాక్సీ కొంటావేంటి బాబాయ్? ఆ నల్ల బండి రోడ్డు పక్కన ఆపావంటే జనం వెనక డోర్ తీసి కూర్చుంటారు.

బాబాయ్: కూర్చోనీరా. అది వెనక సీటు కోసమే పుట్టిన బండి. పాతకాలంలో టౌన్ కార్ అంటే యజమానికి పైకప్పు, డ్రైవర్‌కి ఎండా వానా. 1981లో ఆ పేరుతో లింకన్ విడిగా ఓ మోడల్ తెచ్చింది. డ్రైవర్ మీద దయ చూపి ఆయనకూ కప్పేశారనుకో!

శ్రీను: పేరు సరే, కింద ఏముంది? లారీకున్నట్టు విడి ఛాసీ, అంటే ఇనప ఫ్రేమ్, దాని మీద బాడీ. పోలీసులు నడిపిన ఫోర్డ్ క్రౌన్ విక్టోరియా కారుకీ అదే. దీన్ని లగ్జరీ అంటావా?

బాబాయ్: ఆ ఛాసీ వల్లే కదరా అది బతికింది. మధ్యలో కోసి, ఫ్రేమ్ ముక్క అతికి లిమోజీన్ చేయాలంటే ఇలాంటి బండే వీలు. 1996లో కాడిలాక్ తన ఫ్లీట్‌వుడ్‌ని ఆపేసి ఆ ఫ్యాక్టరీని ఎస్‌యూవీలకు ఇచ్చేసింది. ఇక ఈ రకం పెద్ద కార్లలో పోటీ ఎవరు? పైగా వెనక ఎయిర్ సస్పెన్షన్. గుంటలో పడినా నీ చేతిలో కాఫీ ఒలకదు.

శ్రీను: పోటీ లేదు కాబట్టే నిద్రపోయింది. 4.6 లీటర్ల వీ8కి 239 హార్స్‌పవర్. 2007 టయోటా క్యామ్రీ వీ6 3.5 లీటర్లతోనే 268 ఇచ్చింది. దీనికి గేర్లు కూడా నాలుగే.

బాబాయ్: నేనేమన్నా రేసుకి పోతున్నానా? కష్టపెట్టని ఇంజన్ కాబట్టే మూడు లక్షల మైళ్లు దాటినవి కూడా ఇంకా తిరుగుతున్నాయి. డిక్కీ దగ్గర దగ్గర 600 లీటర్లు. మీ పిన్ని ఇండియా నుంచి వచ్చేటప్పుడు పచ్చళ్ల పెట్టెలు నీ చిన్న కారులో ఎక్కడ పెడతాం?

శ్రీను: పచ్చళ్ల సంగతి తర్వాత. బండి జారినప్పుడు నిలబెట్టే స్టెబిలిటీ కంట్రోల్ 2012 మోడళ్ల నుంచి అమెరికాలో తప్పనిసరి చేశారు. దీనికి అదే లేదు. 2011 ఆగస్టులో తయారీయే ఆపేశారు. మంచు పడ్డాక, వెనక చక్రాలు లాగే బండితో నాకు టెన్షన్.

బాబాయ్: (కాసేపు ఆగి) మంచులో మెల్లగా నడుపుతాలే. వింటర్ టైర్లు వేయిస్తా.

శ్రీను: గ్యారేజీ లోతు ఇరవై అడుగులు. ఎదర పిన్ని ఫ్రీజర్ ఉంది. మామూలు టౌన్ కారే పద్దెనిమిది అడుగులుంటుంది. నువ్వు మాట్లాడింది మామూలుదా, పొడుగు ‘ఎల్’ మోడలా?

బాబాయ్: ఎల్. వెనక కాళ్లకి ఆరంగుళాలు ఎక్కువ.

శ్రీను: అయితే ఫ్రీజర్ తీసేయాలి. పిన్నికి నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?

బాబాయ్: ...టేపు పట్రా. మళ్లీ కొలుద్దాం.