మూడు పాళ్లు తేజా, రెండు పాళ్లు బ్యాడిగి

నాకు చిన్నతనం నుంచీ ఒక జబ్బు ఉన్నది. ఎదుటివారు అడిగినా అడగకపోయినా, ఏ విషయాన్నయినా మొదలంటా విడమరచి చెప్పనిదే నాకు అన్నం సయించదు. ఈ జబ్బు మూలంగానే 43 ఏళ్లు వచ్చేలోపు మూడు కొలువులు పోగొట్టుకున్నాను.

డిగ్రీ కాగానే బీమా ఏజెంటునయ్యాను. తోటి ఏజెంట్లు టీ చల్లారేలోపు సంతకం చేయించుకుని లేచిపోయేవారు. నేను మాత్రం ఏటా కట్టవలసినది ఎంత, ఇరవై ఏళ్లకు చేతికి వచ్చేది ఎంత, అదే సొమ్మును పోస్టాఫీసులో చక్రవడ్డీకి వేస్తే అయ్యేది ఎంత అన్నది కాగితం మీద మూడు గడులు గీసి మరీ చూపించేవాడిని. విన్నవారు నాకు దండం పెట్టి, రెండో కప్పు కాఫీ కూడా ఇచ్చి, తిన్నగా పోస్టాఫీసుకు వెళ్లేవారు. తరువాత ఒక ప్రైవేటు బస్సులో కండక్టరుగా చేరాను. ఒక పెద్దాయనకు రావలసిన చిల్లర ఎంతో ఆయన చేతనే లెక్క కట్టిస్తూ ఉండగా, ఆయన దిగవలసిన ఊరూ ఆ పై ఊరూ కూడా దాటిపోయాయి. ఆ కొలువు గురించి అంతకంటే చెప్పవలసినది లేదు.

చివరికి గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టుకు గుమాస్తానయ్యాను. టిక్కీల, అంటే మిర్చి బస్తాల, తూకాలు రాసుకుని, ధర కట్టి, కమీషనూ హమాలీ తీసివేసి, మిగిలినది తక్‌పట్టీ అనే లెక్క చీటీ మీద వేసి రైతు చేతిలో పెట్టడం నా పని. పెట్టి ఊరుకోవచ్చు. కానీ ప్రతి తీసివేతా ఎందుకు, ఎంతకు ఎంత అన్నది రైతుకు బోధపడేదాకా నేను వదిలేవాడిని కాదు. బోధపడిన రైతులు ఊరుకునేవారు కాదు. షావుకారు రెండు సీజన్లు ఓర్చుకుని, మూడో సీజనులో చేతులు జోడించి, "నువ్వు బడిపంతులుగా పోవయ్యా, నా కొంప ముంచకు" అన్నాడు. ఆయన తిట్టాననే అనుకున్నాడు. నేను మాత్రం బి.ఇడి. దరఖాస్తు తెచ్చుకున్నాను.

టెట్‌లో 150 ప్రశ్నలు దాటి, ఏళ్ల తరబడి డీఎస్సీ నోటిఫికేషను కోసం పత్రికలు తిరగేసి, ఆ మధ్యకాలమంతా ట్యూషన్లు చెప్పుకుంటూ, వయసు మీరిపోతున్నదని ఇంట్లో ఆశ వదులుకున్నాక 2025లో 16,347 పోస్టులకు ప్రకటన వచ్చింది. గరిష్ఠ వయోపరిమితిని 44కు పెంచడం వల్ల గుమ్మం మూసుకునే క్షణంలో కాలు లోపల పెట్టగలిగాను. లెక్కల మాస్టారునయ్యాను.

సంక్రాంతి సెలవుల తరువాత ఏడో తరగతికి నిష్పత్తులు చెప్పవలసి వచ్చింది. పుస్తకంలో ఎర్రపూసలు, నీలిపూసలు ఉన్నాయి. ఊరి చుట్టూ కళ్లాల్లో మిర్చి ఆరబోసి ఉండగా పూసలెందుకని, మూడు పాళ్లు కారానికి పేరుపడ్డ తేజా, రెండు పాళ్లు రంగుకు పేరుపడ్డ బ్యాడిగి కలిపి ఒక సంచి తీసుకుపోయాను. ఏరి, లెక్కపెట్టి, నిష్పత్తి చెప్పమన్నాను. అంతటితో ఆగితే పాఠం అద్భుతంగా ముగిసేది. కానీ జబ్బు ఊరుకోదు కదా. యార్డులో కాయ ఆరినదీ లేనిదీ ఎలా పరీక్షిస్తారో చెబుతూ, గుప్పెడు కాయలు చెవి దగ్గర పెట్టుకుని నలిపి గలగల వినిపించాను. ముప్ఫైమంది పిల్లలూ తలా ఒక గుప్పెడు తీసుకుని శ్రద్ధగా నలిపారు. సరిగ్గా అప్పుడే, ఉదయం నుంచి లేని కరెంటు వచ్చింది. పైన రెండు ఫ్యాన్లు.

ఆ తరువాతి దగ్గులు మా గదిలో పుట్టి, ఎనిమిదో తరగతి మీదుగా ప్రధానోపాధ్యాయులవారి గదికి చేరాయి. బడి యావత్తూ వేపచెట్టు కిందికి వచ్చిపడింది. మధ్యాహ్న భోజనం వండే ఆమె బిందెతో నీళ్లు తెస్తే, మంట కేవలం నీళ్లకు కడుక్కుపోదనీ, మిరపలోని క్యాప్సైసిన్ కొవ్వులో కరుగుతుందే కానీ నీటిలో కరగదనీ, అది గింజలో కంటే గింజలు అంటుకున్న తెల్లటి ఈనెలోనే ఎక్కువనీ తుమ్ముకు తుమ్ముకు మధ్య ఆమెకు వివరించాను. "ముందు మీరు కళ్లు నులుముకోవడం మానండి సార్" అన్నది ఆమె. అది కూడా నిజమే. సాయంత్రం హాజరు యాప్ ముందు నిలబడితే, ఉబ్బిన నా ముఖాన్ని అది నాదిగా ఒప్పుకోలేదు. దానిని తప్పు పట్టను. అద్దంలో నేనే ఒప్పుకోలేకపోయాను.

నాలుగు రోజుల తరువాత, బడి వదిలే వేళకు ఒక రైతు తలపాగా చేతపట్టుకుని వరండాలో నిలబడ్డాడు. మిరపకాయల ఫిర్యాదే అనుకుని క్షమాపణ సిద్ధం చేసుకున్నాను.

"మాస్టారూ, మావాడు తక్‌పట్టీలో లెక్క తప్పిందన్నాడండీ. యార్డుకెళ్లి షావుకారుతో తగాదా పెట్టుకున్నాను" అంటూ కాగితం చేతిలో పెట్టాడు.

చూశాను. లెక్క తప్పలేదు. కుర్రవాడు తూకాన్ని ధరతో చక్కగా హెచ్చించాడు కానీ కమీషను తీసివేయలేదు. శాతాలు వచ్చే నెల పాఠం. కాగితం నెత్తిన అచ్చయిన పేరు మా పాత కొట్టుదే కావడం మాత్రం నా ప్రారబ్ధం.

"మరి షావుకారుగారు ఏమన్నారు?" అని నీరసంగా అడిగాను.

"మొదట అరిచాడండీ. లెక్క నేర్పిన మాస్టారెవరని అడిగితే మీ పేరు చెప్పాను. ఇంకేమీ మాట్లాడకుండా తేడా డబ్బు చేతిలో పెట్టి, ఆయన్ని మాత్రం ఇటు రానివ్వకు బాబూ అన్నాడు. ఇంతకీ ఈ డబ్బు నాకు న్యాయంగా రావలసిందేనా మాస్టారూ?"

ఆయనకు కుర్చీ చూపించి, సుద్దముక్క తీసుకున్నాను. రోడ్డు మీద నా బస్సు హారను రెండుసార్లు మోగింది.