సద్గుణ మంత్రిత్వ శాఖ వారికి ఒక విన్నపం

అఫ్గానిస్తాన్‌ను ఏలుతున్న తాలిబన్ ప్రభుత్వపు, కాబూల్ నగరంలోని సద్గుణ ప్రచార, దుర్గుణ నివారణ మంత్రిత్వ శాఖ వారికి నమస్కరించి వ్రాయునది.

మీ చిరునామా కోసం పెద్దగా వెతుక్కోవలసిన పని పడలేదు. 2021 సెప్టెంబరు దాకా అదే భవనానికి మహిళా వ్యవహారాల మంత్రిత్వ శాఖ బోర్డు ఉండేది. దాన్ని దింపించి మీది పెట్టించుకున్నారు. ఆడవాళ్ల గోడు వినే కార్యాలయాన్ని ఆడవాళ్ల మీద కన్నేసి ఉంచే కార్యాలయంగా మార్చడానికి ఒక్క బోర్డు ఖర్చుతో సరిపెట్టిన మీ పొదుపును ఏ ఆర్థిక శాఖైనా మెచ్చుకోవలసిందే.

అంతకంటే మెచ్చుకోదగ్గది మీ నిశిత దృష్టి. పిల్లలకు పాలు దొరకని దేశంలో, బట్టల కొట్టులోని బొమ్మకు తల ఉందని కనిపెట్టగలిగిన వారు మీరు ఒక్కరే. 2022 జనవరిలో హెరాత్ దుకాణాల్లో ఆ బొమ్మల తలలు కోయించారు. కాబూల్ వర్తకులు బేరం పోగొట్టుకోలేక, మిలమిలలాడే పెళ్లి గౌన్లు తొడిగిన బొమ్మల తలలకు ప్లాస్టిక్ కవర్లూ, గుడ్డ సంచులూ, వెండి రంగు రేకులూ చుట్టి నిలబెట్టారు. ప్రాణం లేనివాటి శీలానికే ఇంత కాపలా కాస్తుంటే, ప్రాణమున్న ఆడవారి గతేమిటని అడగడం మా అవివేకమే.

కిటికీల సంగతి మాత్రం మాకు ఇంకా పూర్తిగా మింగుడుపడలేదు. పొరుగింటి వంటగది గానీ, వాకిలి గానీ, ఆడవాళ్లు నీళ్లు తోడుకునే బావి గానీ కనబడేలా కొత్త ఇళ్లకు కిటికీలు పెట్టరాదనీ, పాత ఇళ్లకు ఉంటే అడ్డుగోడ కట్టుకోవాలనీ 2024 డిసెంబరులో మీ ప్రభుత్వం ఆజ్ఞాపించింది. తొంగిచూసేవాడి కన్ను మూయించే బదులు ఇటుకలతో ఇంటి కన్ను మూయించడంలో మేస్త్రీలకు పని దొరుకుతుందన్న ఆలోచన ఉంటే ఉండవచ్చు.

ఇక వైద్యం దగ్గరకు వస్తే మీ ఏలికల తర్కం ఎంతటి పండితుణ్నైనా తికమక పెడుతుంది. ఆడవాళ్లకు ఆడ డాక్టర్లే వైద్యం చేయాలంటారు, సరే. 2022 మార్చి 23న హైస్కూళ్లు తెరుస్తామని ప్రకటించి, పుస్తకాల సంచులు తగిలించుకుని వచ్చిన ఆడపిల్లలను కొన్ని గంటల్లోనే ఏడుస్తూ ఇంటిదారి పట్టించారు. అదే ఏడు డిసెంబరులో విశ్వవిద్యాలయాల తలుపులు మూశారు. 2024 డిసెంబరులో నర్సు, మంత్రసాని చదువులను కూడా మాన్పించారు. ఇప్పుడున్న డాక్టరమ్మలు వయసు మళ్లి ఇంటిపట్టున కూర్చున్న నాడు, పురుడు పోయవలసిన చేతులు ఆకాశం నుంచి దిగివస్తాయని మీకేమైనా హామీ ఉందా? మతం పేరు చెబుదామంటే, దాదాపు ముస్లిం దేశాలన్నీ సభ్యులుగా ఉన్న ఇస్లామిక్ సహకార సంస్థే విశ్వవిద్యాలయాల నిషేధాన్ని తప్పుపట్టింది. ఆడపిల్లలకు ఉన్నత పాఠశాల నిషిద్ధమైన దేశం లోకంలో మీదొక్కటే.

వాయిద్యాలను కుప్పపోసి కాల్చిన సంగతి, బ్యూటీ పార్లర్లు మూయించిన సంగతి ఇక్కడ విడిచిపెడుతున్నాను. బామియాన్‌ను మాత్రం విడిచిపెట్టలేను. అక్కడ కొండలో చెక్కిన రెండు బుద్ధ విగ్రహాలుండేవి: 55 మీటర్లదొకటి, 38 మీటర్లదొకటి. దాదాపు పద్నాలుగు వందల ఏళ్లు కొండలో నిలబడ్డ ఆ బుద్ధులను 2001 మార్చిలో ముందు ఫిరంగులతో, అవి చాలక డైనమైట్లతో రోజుల తరబడి కూల్చారు. వాటిని 7వ శతాబ్దంలో కళ్లారా చూసిన చైనా యాత్రికుడు హుయాన్‌త్సాంగ్ మా కృష్ణాతీరంలోని ధాన్యకటకానికి, అంటే నేటి అమరావతి ప్రాంతానికి, కూడా వచ్చాడు. (అమరావతి శిల్పఫలకాలను సున్నం కోసం కాల్చుకున్న ఘనత మాదే కనుక, ఈ విషయంలో మేము మరీ తలెత్తుకుని మాట్లాడలేము, కాకపోతే మా వాళ్లు దాన్ని పుణ్యకార్యమని చెప్పుకోలేదు.) ఇప్పుడు మీ ప్రభుత్వం అదే బామియాన్‌లో, విగ్రహాలు లేని ఆ గూళ్లను చూడవచ్చిన యాత్రికులకు టికెట్లు అమ్ముతోందట. ఉన్నప్పుడు పాపమైనది లేనప్పుడు రాబడి కావడం మీ ఏలుబడిలోనే సాధ్యం.

చివరిగా ఒక సందేహం. బహిరంగంగా స్త్రీ గొంతు వినిపించకుండా, ప్రాణుల బొమ్మలు ప్రచురించకుండా 2024 ఆగస్టులో మీరు 35 అధికరణాల చట్టం తెచ్చారు. 2025 అక్టోబరులో మీ విదేశాంగ మంత్రిగారు ఢిల్లీలో పెట్టిన మొదటి పత్రికా సమావేశానికి మహిళా విలేకరులను పిలవలేదు. గొడవయ్యాక అదొక సాంకేతిక సమస్య అన్నారు. రెండు రోజుల తరువాత వాళ్లను పిలిచారు, వాళ్లు ముందు వరుసలో కూర్చుని ఆడపిల్లల చదువు గురించి గట్టిగానే అడిగారు, కెమెరాలు తిరుగుతూనే ఉన్నాయి. ఆ గొంతులు విన్నందుకు, ఆ ఫోటోల్లో పడినందుకు సదరు మంత్రిగారి మీద ఏ అధికరణం కింద కేసు నమోదు చేశారో తెలియజేయ ప్రార్థన.

ఇట్లు,
తమ విధేయుడు